సంపూర్ణ సంతృప్తికరంగా

హాల్డెన్‌బరీ, ఇంగ్లండ్
2 ఫిబ్రవరి 2025

అన్నయ్యా,

"ఇక్కడ నేను క్షేమం" అని మొదలుపెట్టబోయి పెన్ను ఎత్తేశాను. ఆ మాట ఇక రాయొద్దని నాకు ఆర్డరు. ఎవరు వేశారో కిందికి వచ్చేసరికి తెలుస్తుంది.

ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్లో నువ్వు "ఊ" అంటావు, "సరే" అంటావు, "వదినకిస్తున్నా" అంటావు. కాగితం మీదైతే నీకు నాలుగు మాటలు వస్తాయి. అందుకే ఈ తిప్పలు.

విషయం ఇది. కింద అంతస్తులో ఇల్లు ఇప్పించమని ఇక్కడి కౌన్సిల్‌కి అర్జీ పెట్టాను. నీకు చెప్పలేదు. మా ఫ్లాటు పైన కదా, లిఫ్టు లేదు. కీళ్ళవాతం మోకాళ్ళ దగ్గర ఆగకుండా వేళ్ళలోకి కూడా వచ్చింది. పోయిన నవంబరు పదో తేదీన కిందికి దిగి ఎక్కాను. మళ్ళీ దిగలేదు. సరుకులు పక్క ఫ్లాటులో ఉండే పూజిత తెచ్చిపెడుతోంది. హైదరాబాదు పిల్ల, ఇక్కడ ఆస్పత్రిలో పని. "ఆంటీ, మీరు లిస్టు చెప్పుండ్రి, నేను తెస్త. మొహమాటం పడితే డబుల్ తెస్త" అంటుంది. పోయిన వారం మొహమాటపడ్డాను, నాలుగు కాలీఫ్లవర్లు వచ్చాయి.

అర్జీ పెట్టాక కౌన్సిల్ వాళ్ళు ఫోన్లో ఇంటర్వ్యూ చేశారు. నాది ప్యాకింగ్ ఫ్యాక్టరీ ఇంగ్లీషు కదా, తెలుగు వచ్చినావిడని లైన్లో పెట్టారు. ఎలా ఉన్నారు అని అడిగింది. "ఏదో, నెట్టుకొస్తున్నానండీ" అన్నాను. మెట్లు ఎక్కుతారా? "ఎక్కాలి, దిగాలి, తప్పుతుందా అండీ." వంట? "ఒక్కదాన్నేగా, ఇంత ఉడకేసుకుంటాను." స్నానం? అది ముక్కూ మొహం తెలియని వాళ్ళకి ఏం చెప్తాం? "ఆ, అవుతోందండీ."

పది రోజులకి ఉత్తరం వచ్చింది. పూజిత చదివి పెట్టింది. ఆమె తన పనులు చక్కగా చూసుకుంటున్నారు, మెట్లు ఎక్కి దిగుతున్నారు, వంట చేసుకుంటున్నారు, స్నానానికి ఇబ్బంది లేదు, కాబట్టి ప్రాధాన్యం ఇవ్వడం కుదరదు అని. ఒక్కొక్కటీ చూస్తే నేనన్న మాటే. అన్నీ కలిపి చూస్తే ఆ మనిషి నేను కాదు.

పూజిత ఊరుకోకుండా సలహా కేంద్రానికి ఫోన్ చేసింది. అక్కడి నుంచి భావన అనే అమ్మాయి ఇంటికే వచ్చింది. విజయవాడ పిల్ల, ఇక్కడ లా చదువుతోంది. ఆ ఆర్డరు వేసింది ఈవిడే. "ఆంటీ, మీరు మర్యాదగా మాట్లాడారు, వాళ్ళు దాన్ని సాక్ష్యంగా రాసుకున్నారు. ఈక్వాలిటీ చట్టం ఉందండీ ఇక్కడ. శరీరం సహకరించని వాళ్ళ అవసరం ఏంటో చూసి నిర్ణయం చెయ్యాలి. కానీ ఆ అవసరం ఏంటో మీరు నోరు తెరిచి చెప్తేగా! ఇంకోసారి క్షేమం అన్నారంటే నేను ఈ కేసు వదిలేస్తా" అంది. వదలదులే, ఆ తర్వాత కూర్చుని ఉప్మా తింది.

నిర్ణయం మళ్ళీ చూడమని రివ్యూకి పెట్టాం. నా గురించి బాగా తెలిసిన వాళ్ళు రాసిన సపోర్ట్ లెటర్ ఒకటి ఉండాలట. మీ బావగారు పోయాక నా సంగతి తెలిసినవాడివి నువ్వేగా. ఈ నెలాఖరులోగా వాళ్ళకి అందాలి. చిరునామా వెనక రాశాను. ఈసారి కూడా కాదంటే ఇక ఈ గదిలోనే, అన్నయ్యా. కిటికీలోంచి బస్సులు చూస్తూ.

ఉదయశ్రీ వదినని అడిగానని చెప్పు.

నీ చెల్లెలు,
మంగ

*

హాంబర్గ్
11 ఫిబ్రవరి 2025

మంగకి,

నీ ఉత్తరం ఎనిమిదిన అందింది. ఇక్కడ మూడు రోజులుగా గాలి, వాన. హార్బరులో క్రేన్లు రెండు పూటలు ఆపేశారు. గోడౌనుకి సరుకు రాలేదు. దాంతో సాయంత్రాలు తీరిక దొరికింది.

నువ్వు అడిగిన ఉత్తరం రాసి, ఇంగ్లీషు చేయించి, నిన్న రిజిస్టరు పోస్టులో పంపాను. రెండు సాయంత్రాలు పట్టింది. ఇలాంటివి రాయడం నాకు అలవాటే. జర్మనీలో మనిషి ఉద్యోగం వదిలి వెళ్ళేటప్పుడు యజమాని త్సోయిగ్నిస్ అని ఒక పత్రం ఇవ్వాలి. అందులో చెడ్డ మాట రాయకూడదు. మా షిఫ్టులో వెళ్ళిపోయే వాళ్ళవి ముందు నేను రాసిస్తాను, పైవాళ్ళు సంతకం పెడతారు. పదేళ్ళలో అరవై దాకా రాశాను. జర్మన్ నేను నేర్చుకున్నది వాటితోనే. వాటికొక పద్ధతి ఉంది. "సంతృప్తికరంగా" పనిచేశాడు అంటే పనికిరాడని. "పూర్తి సంతృప్తికరంగా" అంటే పర్వాలేదని. "ఎల్లప్పుడూ సంపూర్ణ సంతృప్తికరంగా" అంటే ఫస్టు క్లాసు. అది అరవైలో ఇద్దరికే రాశాను. నీకు అదే రాశాను.

నీ దగ్గర ఉండడానికి ఇక్కడ తెలుగులో:

"శ్రీమతి అలివేలుమంగ నాకు యాభై ఒక్క సంవత్సరాలుగా తెలుసు. ఆమె నిజాయితీ, సమయపాలన గల వ్యక్తి. ఇంటి పనులన్నీ స్వయంగా, ఎల్లప్పుడూ సంపూర్ణ సంతృప్తికరంగా నిర్వహిస్తుంది. ఎవరికీ, ఏ ప్రభుత్వానికీ భారం కాలేదు, కాబోదు. ఎంత కష్టంలోనూ ఫిర్యాదు చేయలేదు. పొరుగువారితో ఆమె ప్రవర్తన ఆదర్శప్రాయం. ఆమె భవిష్యత్తు శుభప్రదంగా ఉండాలని కోరుకుంటున్నాము."

మీ వదిన చదివి, "ఏవండీ, మంగ గురించి మీరు ఇంత బాగా ఎప్పుడైనా మాట్లాడారా" అంది. నేను కవరు అంటించాను.

నవంబరు నుంచి కిందికి దిగలేదన్న సంగతి నాకు చెప్పకపోవడం గురించి ఏమీ రాయను.

వీరాంజనేయులు

*

హాల్డెన్‌బరీ
20 ఫిబ్రవరి 2025

అన్నయ్యా,

నీ ఉత్తరం నకలు భావన నా ముందే పైకి చదివింది. చదవడం అయ్యాక కాగితం మడిచింది. తర్వాత, "ఆంటీ, అడుగుతున్నానని ఏమనుకోకండి. మీ అన్నయ్యగారు మన వైపా, వాళ్ళ వైపా?" అంది.

పూజిత అయితే, "సూపర్ ఉంది ఆంటీ అంకుల్ లెటర్. గిది చూపిస్తే మీకు జాబ్ వస్తది, ఇల్లు రాదు" అంది. ముగ్గురం పడీ పడీ నవ్వాం. వాళ్ళు వెళ్ళాక నాకు నవ్వు రాలేదు.

కౌన్సిల్‌లో ఈ కేసు చూసే ఆఫీసరు భావనతో, "సోదరుడి లేఖ కూడా మా నిర్ణయాన్నే బలపరుస్తోంది" అందట. తప్పు పట్టడానికి ఏముంది? వాళ్ళడిగినవన్నీ నువ్వు వరసగా ఒప్పుకున్నావు. ఇంటి పనులన్నీ స్వయంగా! ఆ ఉత్తరం చదివిన రోజు పొద్దున నేను నూనె సీసా మూత తీయలేక, పూజిత డ్యూటీ నుంచి వచ్చేదాకా పోపు వేయలేదు.

కోపం రాలేదని రాయను. వచ్చింది. "ప్రభుత్వానికి భారం కాలేదు, కాబోదు" అన్న చోట. నేను భారమని ఎవరన్నారు నీతో? మీ బావగారూ నేనూ ఇరవై రెండేళ్ళు ఈ ఊళ్ళో నిలబడి పెట్టెలు కట్టాం. ఈ దేశం పాస్‌పోర్టు ఉంది నాకు. "ఇది వాళ్ళు దయ చూపడం కాదు ఆంటీ, మీ హక్కు" అంటుంది భావన. వినడానికి బాగుంటుంది. నా నోటికి మాత్రం ఆ మాట రాదు. నాకు బదులు నువ్వు అంటావనుకున్నాను. నువ్వేమో నన్ను మళ్ళీ తీసుకెళ్ళి పైన కూర్చోబెట్టావు.

గడువు మార్చి ఏడు దాకా పొడిగించారు. ఇంకో ఉత్తరం కావాలి. నేను చేయగలిగినవి కాదు, చేయలేనివి రాయాలి. రాయగలవా? అయినా నా గురించి నీకు తెలిసినవి ఏమున్నాయిలే, నేను చెబితేగా. తోచింది రాయి. ఆదర్శప్రాయం మాత్రం వద్దు.

మంగ

*

హాంబర్గ్
27 ఫిబ్రవరి 2025

మంగకి,

తప్పు నాది. మూడు రోజులు దాని గురించే ఆలోచించాను.

ఈ దేశంలో వీసా పొడిగించుకోవడానికి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, తీసుకుని ఆఫీసుకి వెళ్ళిన ప్రతిసారీ నన్ను అడిగింది ఒకటే. నీ బతుకు నువ్వు బతకగలవా, చూపించు. చూపిస్తూ వచ్చాను. ఒకసారి జ్వరంతో వెళ్ళి, దగ్గు వస్తే ఆఫీసరు ముందు దగ్గకుండా కూర్చున్నాను. పర్మనెంటు కార్డు చేతికొచ్చి పదేళ్ళయింది. అయినా ఆఫీసుకు కాగితం అనగానే నా చెయ్యి "భారం కాదు" అనే రాస్తుంది. నిన్ను ఉద్దేశించి రాసింది కాదు. నీకెలా తగులుతుందో ఆలోచించలేదు.

నీ గురించి నాకు తెలిసినవి ఏమున్నాయన్నావు. నేను రోజూ పుస్తకంలో రాసుకుంటానని నీకు తెలుసు. ఆ రోజు వాన పడిందా, ఏ సరుకు వచ్చింది, ఎవరు సెలవు పెట్టారు, ఎవరితో మాట్లాడాను, ఇంతే. పాత పుస్తకాలన్నీ దింపి, నీ పేరు ఉన్న చోట్లు ఏరాను. ఒక్క మాట కలపలేదు. కౌన్సిల్‌కి అవే పంపాను.

2 జనవరి 2022. మంగకి ఫోన్. నాలుగో రింగుకి తీసింది.

14 మే 2022. మంగ ఉత్తరం. ఎనిమిది పేజీలు.

19 ఆగస్టు 2023. మంగ ఇంటికి వెళ్ళాం. మెట్లు నలభై నాలుగు. నాలుగు చోట్ల ఆగింది. మొదటి చోట కిటికీలోంచి చర్చి చూపించింది. రెండో చోట ఎవరిదో పిల్లి. మూడో చోట నోటీసు బోర్డు. నాలుగో చోట చూపించడానికి ఏమీ లేదు. గోడ చూపించి, రంగు మార్చారు అంది.

20 ఆగస్టు 2023. మంగ వంటింట్లో సీసాల మూతలు ఏవీ బిగించి లేవు. కాఫీ రెండు చేతులతో పట్టుకుని ఇచ్చింది.

21 ఆగస్టు 2023. మంగ స్నానానికి వెళ్ళి గంటా పది నిమిషాలు. ఉదయశ్రీ తలుపు దగ్గరే నిలబడింది. వస్తున్నా అని మంగ లోపలి నుంచి రెండుసార్లు అంది.

3 మార్చి 2024. మంగకి ఫోన్. తొమ్మిదో రింగు.

22 సెప్టెంబరు 2024. మంగ ఉత్తరం. మూడు పేజీలు. అక్షరాలు పెద్దవయ్యాయి.

1 డిసెంబరు 2024. మంగకి ఫోన్. పద్నాలుగో రింగు. ఎక్కడున్నావంటే ఫోన్ పక్కనే అంది.

8 ఫిబ్రవరి 2025. మంగ ఉత్తరం. మూడు రకాల సిరా. ఒక్కరోజులో రాసింది కాదు.

కింద ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టాను: "నా మొదటి లేఖలో రాసింది నేను ఆమెను ఎంత గౌరవిస్తానో చెబుతుంది, ఆమె ఎలా ఉందో చెప్పదు."

వీరాంజనేయులు

*

హాల్డెన్‌బరీ
9 మార్చి 2025

అన్నయ్యా,

భావన ఈసారి చదువుతూ మధ్యలో ఆగింది. గోడ దగ్గర. నేను లేచి లోపలికి పోదామనుకున్నాను. లేవడానికి నాకు టైం పడుతుంది కదా, ఈలోగా మిగతాది కూడా చదివేసింది.

అయితే ఆ గోడ సంగతి కనిపెట్టావన్నమాట. రంగు నిజంగానే మార్చారు, అదొకటి చెప్పుకుంటాను.

మూడేళ్ళుగా రింగులు లెక్కపెడుతున్నావు. మూతలు చూశావు. తలుపు బయట వదిన నిలబడిందని కూడా రాసిపెట్టుకున్నావు. ఒక్కసారి అడగలేదేం? "ఏమైందే మంగా" అని రెండు మాటలు. నువ్వు చూడలేదనుకుని దాచుకున్నాను ఇన్నాళ్ళూ. చూడలేదు, చూస్తే అన్నయ్య ఊరుకుంటాడా అనుకునేదాన్ని. చూశావు. ఊరుకున్నావు. ఆ పుస్తకం మూసి, మర్నాటి వాన రాసుకున్నావు.

నీ కాగితం మాత్రం గడువులోగా వెళ్ళింది. "ఇంతకంటే మంచి సాక్ష్యం నేను చూడలేదు" అని భావన మురిసిపోతోంది. అది మంచిదవడమే నాకు బాధగా ఉంది, అర్థమవుతోందా?

జవాబు రాయి. "ఊ" అని రాయకు.

మంగ

*

హాంబర్గ్
17 మార్చి 2025

మంగా,

అడిగితే నువ్వు బాగానే ఉన్నానంటావు. నీ చేత ఆ అబద్ధం చెప్పించడం ఇష్టం లేక అడగలేదు. అది నీ మీద నాకున్న మర్యాద అనుకున్నాను.

ఈ నాలుగు రోజులు కూర్చుని చూస్తే, మర్యాద కొంతే. మిగతాది భయం. అడిగాక నువ్వు నిజం చెబితే నేను ఏదో ఒకటి చేయాలి. ఇక్కడి నుంచి ఏం చేయాలో నాకు తెలియలేదు. రింగులు లెక్కపెట్టడం తేలిక. లెక్కపెడుతున్నంతసేపూ నీ కోసం ఏదో చేస్తున్నట్టే ఉండేది.

మీ వదిన ఆ రోజు తలుపు దగ్గర నుంచి వచ్చి, "మీరు అడగండి, మీరు తోడబుట్టినవాళ్ళు" అంది. రేపు అన్నాను. మర్నాడు మా ఫ్లైటు.

ఇప్పుడు అడుగుతున్నాను. ఏమైందే మంగా? ఎన్ని రోజులు పట్టినా సరే, అన్నీ రాయి. ఉతకడం, దువ్వుకోవడం, మంచం మీంచి లేవడం, అన్నీ.

అన్నయ్య

*

హాల్డెన్‌బరీ
24 ఆగస్టు 2025

అన్నయ్యా,

ఏప్రిల్లో నీకు రాసిన ఆ పదకొండు పేజీల తర్వాత ఇదే పెద్ద ఉత్తరం. ఆ పేజీలు రాయడానికి పందొమ్మిది రోజులు పట్టింది, అందులో నాలుగు రోజులు ఏడవడానికి. నువ్వు ప్రతి పేజీకీ విడివిడిగా జవాబు రాయడం చూసి పూజిత, "అంకుల్ ఏం మనిషి ఆంటీ, ఫైల్ నంబర్ కూడా వేసిండా?" అంది.

ఇల్లు వచ్చిందని ఫోన్లో చెప్పానుగా, ఎలా వచ్చిందో చెప్పలేదు. మే నెలలో ఆ ఆఫీసరు స్వయంగా మా ఇంటికి వచ్చింది. నలభై నాలుగు మెట్లూ ఎక్కి, తలుపు దగ్గర నిలబడి ఆయాసం తీర్చుకుంది. పాపం, మంచినీళ్ళు ఇద్దామంటే గ్లాసు పట్టుకోలేను. నీ కాగితం ఆవిడ ఫైల్లో ఉంది, పక్కన పెన్సిల్ గీతలు. ఈసారి తెలుగామె ఫోన్లో కాకుండా పక్కనే కూర్చుంది. స్నానం గురించి అడిగారు. చెప్పాను. ఎలా చెప్పానో నీకు రాయను, నువ్వు అన్నయ్యవి. చెప్పడం అయ్యాక చూసుకుంటే, నేను చచ్చిపోలేదు. రెండు వారాలకి నిర్ణయం మార్చినట్టు ఉత్తరం వచ్చింది.

ఈ నెల పన్నెండున మారాను. ఇద్దరు మనుషులు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మెట్లన్నీ మోసి దింపారు. నేను కళ్ళు మూసుకున్నాను. కొత్త ఇంట్లో అన్నీ బాగున్నాయని రాయను. వంటిల్లు చీకటి. పక్కింటాయన టీవీ ఊరంతటికీ పెడతాడు. పూజిత రెండు బస్సులు మారి రావాలి, ఆదివారమే వస్తోంది. "మీరు లేకుంటే ఫ్లోర్ మీద సప్పుడే లేదు ఆంటీ" అంటుంది. ఆ ఒక్కటి మాత్రం కష్టంగా ఉంది. కానీ తలుపు తీస్తే నేల, అన్నయ్యా. నేలే. ఒక్క మెట్టు కూడా లేదు.

నిన్న పొద్దున పదింటికి బయటికి వెళ్ళాను. పనేమీ లేదు. కర్ర పట్టుకుని బస్ స్టాప్ దాకా. అక్కడ బెంచీ మీద కూర్చున్నాను. మొదటి బస్సు ఆగింది, ధైర్యం చాలక వదిలేశాను. రెండోదీ అంతే. మూడో బస్సు డ్రైవరు నన్నూ నా కర్రనూ చూసి, ఏదో నొక్కాడు. అంత బస్సూ ఏనుగు కూర్చున్నట్టు నా వైపు దిగింది. నా కోసం, అన్నయ్యా. లోపలున్న వాళ్ళంతా ఒక పక్కకి వాలారు, ఎవ్వరూ ఏమీ అనలేదు. కమ్మీ పట్టుకుని ఎక్కాను.

"వేర్ టు, లవ్?" అన్నాడు. ఇక్కడ డ్రైవర్లు అందరినీ అలాగే అంటారు, వదినకి చెప్పకు.

తొమ్మిది నెలలు బయటికి రావాలని అనుకున్నాను గానీ, వచ్చాక ఎక్కడికి అన్నది ఒక్కసారీ అనుకోలేదు. నా వెనక నలుగురు నిలబడి ఉన్నారు.

"లాస్ట్ స్టాప్" అన్నాను.

మంగ